దిగిందా అండీ

పొద్దున్న పదింటికి బీచిరోడ్డు నివాసాల పదకొండో అంతస్తులో నడుస్తుంటే ప్రతి తలుపు వెనకా ఒక్క గొంతే వినిపిస్తుంది. ఒకాయన తన పంటినొప్పి గురించి చెబుతుంటాడు. పక్కింటావిడ ఇరవయ్యేళ్ళ కిందట ఆడపడుచు అన్న మాటను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఆ గొంతు ఆగిన చోటల్లా చిన్నగా, ఓపికగా "ఊఁ" అని వినిపిస్తుంది. ఆ ఊఁ అన్నది మనిషి కాదు, ఊకొట్టు.

కంపెనీ కాగితాల్లో దాని పేరు శ్రవణమూర్తి. అంత పేరు పలికే ఓపిక కాకినాడలో ఎవరికుంది? గోడలో ఒక గూడు, ఆ గూట్లో వెలుగుతూ ఒక ముఖం. అది సలహా ఇవ్వదు, మధ్యలో అడ్డు రాదు, "నీదేముంది, నా బాధ విను" అనదు. మనం చెబుతుంటే వింటుంది, అంతే. అది కొత్తగా వచ్చినప్పుడు జనం నవ్వారు. వినడానికో యంత్రమా, గోడకు చెప్పుకుంటే సరిపోదా అన్నారు. గోడకు చెవులుంటాయి గానీ ముఖం ఉండదని తరవాత తెలిసొచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి ఊకొట్టు లేని ఇల్లు లేదు. మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి ఇంకో మనిషి గుమ్మం ఎక్కడం మానేశాడు.

మాట్లాడే ముఖాన్ని గీయడం యంత్రాలకు ఏనాడో చేతనైంది. కష్టమంతా వినే ముఖంతోనే. చేదుమాట రాగానే కనుబొమ్మ ఎంత కదలాలి, మనం చెప్పలేక ఆగినప్పుడు కళ్ళు ఎంతసేపు ఎదురుచూడాలి, ఇదంతా క్షణక్షణం లెక్కగట్టి గీయాలి. ఆ పని చేసేది రూపఫలకం. పూర్వం గ్రాఫిక్స్ కార్డు అనేవారు, పిల్లలు దాంతో ఆటలాడుకునేవారు. ఇప్పటిది రెండు జానల పొడవు, మూడు కిలోల బరువు, నీళ్ళు కాచే హీటరంత కరెంటు తాగుతుంది. దానికి కరెంటు తీగలు బిగించడమే భానోజీ ఉద్యోగం.

ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకోకండి. కరెంటు పెట్టెలోంచి మూడు తీగలు విడివిడిగా రావాలి. ఒకే తీగకు రెండు తలలున్నవి కూడా దొరుకుతాయి, సోమరిపోతులు వాటితో కానిచ్చేస్తారు. రెండు తీగల కరెంటు ఒక్క తీగ మీద పడి అది వేడెక్కుతుంది. ప్లగ్గు మొదట్లోనే తీగను వంచకూడదు, నాలుగు వేళ్ళ మేర తిన్నగా పోనిచ్చి అప్పుడు వంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్లగ్గు పూర్తిగా దిగాలి. గోరంత సందు మిగిలినా అక్కడ వేడిపుట్టి, నాలుగు రోజులకో వారానికో ప్లాస్టిక్కు కరిగిపోతుంది. ఒకప్పుడు ప్లగ్గు దిగితే టక్కుమనేదట. ఊకొట్టు చెవులు సున్నితమని ఆ చప్పుడు తీసేశారు. పచ్చదీపం ఉంటుంది కానీ దాన్ని నమ్మలేం, పిన్ను అంచు తగిలితే చాలు వెలిగిపోతుంది. అంచేత కంటితో చూసి నోటితో చెప్పాలి.

దీనికి నాలుగు చేతులు కావాలి. ఫలకం వంగిపోకుండా ఒకరు కిందనుంచి ఎత్తిపట్టాలి, ఇంకొకరు పక్కనుంచి చెయ్యి దూర్చి నొక్కాలి. నొక్కేవాడికి సందు కనిపించదు. పట్టుకున్నవాడికే కనిపిస్తుంది. యంత్రపు చేతులతో ప్రయత్నించారు, అవి ప్లగ్గులు విరిచాయి. అలా ఈ ఒక్క పనీ మనుషులకు మిగిలింది. పోయినేడు కంపెనీవారు ఇద్దరు మనుషులెందుకు, ఇంటివారే పట్టుకుంటారుగా అని ఒకరిని తీసేశారు.

పద్నాలుగేళ్ళలో భానోజీ బిగించిన ప్లగ్గు ఒక్కటీ కాలలేదు. కాలి, తప్పు అతనిదని తేలితే ఇళ్ళలోకి వెళ్ళే అనుమతి రద్దవుతుంది. అంటే చొక్కాకున్న నీలం బిళ్ళ తీసేసి వాకలపూడి గోడౌనుకు పంపేస్తారు. అక్కడ అరలూ, పెట్టెలూ, వాటిని మోసే యంత్రపు చేతులూ తప్ప మనుషులుండరు. భానోజీకి ఆ గోడౌనంటే చావు భయం. జగన్నాథపురంలో అతనిది ఒంటిగది. ఆ గదిలో ఊకొట్టు లేదు. దాని కడుపులో ఏముందో రోజూ చూసేవాడికి దాని ముందు మనసు విప్పబుద్ధి కాదు. రోజుకు నాలుగిళ్ళ గుమ్మాల్లో "నమస్కారమండి, ఫలకం మార్చడానికొచ్చాను" అన్నవే అతను నలుగురితో ఆడే మాటలు. ఆ నాలుగూ పోతే ఇక ఏమీ లేదు.

ఆవేళ వెళ్ళవలసింది ఆ పదకొండో అంతస్తులోని పేరిందేవిగారింటికి. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. ముప్ఫై రెండేళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ మిషన్ల రొదలో పక్కమనిషితో మాట్లాడాలంటే చేత్తో సైగ చేయడమే. అన్నేళ్ళూ లోపల పోగుపడిన మాటలన్నీ రిటైరయ్యాక ఊకొట్టుకు చెప్పుకుంది. పదకొండేళ్ళపాటు చెప్పింది.

"రండి బాబూ. దీని సంగతి చూడండి," అంది తలుపు తీస్తూనే. "నేను నవ్వాక ఎప్పటికో నవ్వుతోంది. మొన్న మా చెల్లెలు పోయినప్పటి సంగతి చెప్తుంటే, అంతకుముందు చెప్పినదానికి అప్పుడు పళ్ళికిలించింది."

"పాతదైపోయిందండి. పెద్ద ఫలకం తెచ్చాను. ఇంక వెనకబడదండి," అన్నాడు భానోజీ. "అమ్మా, మీరో చెయ్యి వెయ్యాలండి."

"నా చెయ్యా?"

"ఆయ్. రెండు చేతులూనండి. ఇదుగో, అడుగున ఇలా అరచేతులు పెట్టి ఎత్తిపట్టుకోండి. నేను ప్లగ్గు నొక్కి, దిగిందా అండీ అంటాను. సందు లేకపోతే దిగింది అనండి. ఉంటే లేదనండి. ఊఁ అని మాత్రం అనకండి. ఊఁ అంటే మాకు చెల్లదండి."

పాత ఫలకం తీసేయగానే గూడు చీకటైంది. ముఖం లేదు. చెవి మాత్రం చిన్న బ్యాటరీ మీద పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే ఇంట్లో జరిగే ప్రతి మరమ్మతునూ అది రికార్డు చేయాలని కంపెనీ నిబంధన. భానోజీ కొత్త ఫలకాన్ని గాడిలో కూర్చోబెట్టాడు. పేరిందేవి కిందనుంచి పట్టుకుంది. మొదటి ప్లగ్గు నొక్కాడు.

"దిగిందా అండీ?"

"లేదు లేదు. ఎడమవైపు కొంచెం... ఆఁ, దిగింది."

"భేష్! కంపెనీలో చేరిపోవచ్చండి మీరు."

రెండోది ఇంకా తేలిగ్గా దిగింది. మూడో తీగ దగ్గరే చిక్కొచ్చింది. గూటి వెనక గొట్టం ఇరుకు. తీగ ఎటు తిప్పినా ప్లగ్గు దగ్గరే వంగుతోంది. తిన్నగా తేవాలంటే వెనకనుంచి మళ్ళీ లాక్కురావాలి. ఈలోగా ఫలకాన్ని వదలకూడదు. పేరిందేవి ఫలకాన్ని ఇంకాస్త పైకి ఎత్తిపట్టింది.

"ఎంతసేపు బాబూ?"

"పావుగంటండి. ఓర్చుకోవాలి."

"అయితే ఏదన్నా చెప్పండి. చేతులు లాగుతున్నాయి."

"నేనా? నేనేం చెప్తానండి!"

"ఏదో ఒకటి. నాకెవరన్నా ఏదన్నా చెప్పి ఎన్నేళ్ళయిందో."

భానోజీ గూటి వెనక తల దూర్చి ఉన్నాడు. ఎదురుగా ముఖం కనిపించకపోవడం వల్ల కాబోలు, అతనికి నోరు పెగిలింది.

"నాతోపాటు గంగరాజని ఒకడుండేవాడండి. తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. వాడు పట్టుకునేవాడు, నేను నొక్కేవాణ్ణి. వాడి నోటికి తాళం ఉండేది కాదండి. వాళ్ళత్తగారి మేకల గురించీ, వాడు కొన్న చెప్పుల గురించీ, అన్నీ చెప్పాల్సిందే."

పేరిందేవికి ఏమనాలో తోచలేదు. తరవాత గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా ఆ పని ఊకొట్టుది కదా, తనే అనాలంటే కాస్త సిగ్గేసింది. "ఊఁ," అంది.

"వాడికి రోజూ కల రావల్సిందేనండి. పొద్దున్నే లిఫ్టులో మొదలెట్టేవాడు. ఒకసారి వాడికి రెక్కలొచ్చాయంట. ఎగరడానికి కంపెనీ సెలవివ్వలేదంట."

"ఊఁ!" అంది పేరిందేవి, నవ్వుతూ. చేతుల నొప్పి మరిచిపోయింది.

భానోజీ ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. చెబుతున్నకొద్దీ చెప్పాలనిపించింది. వేళ్ళు తీగను లాగుతున్నాయి, నోరు గంగరాజు వెంట పోతోంది.

"ఒకరోజు ఓ కల చెప్పాడండి. కోరంగి పాయలో పడవ మీద పోతున్నాడంట. పడవలో వాడూ, ఒక లేగదూడానూ. ఇంకెవరూ లేరు. దూడ నుదుటి మీద తెల్లమచ్చంట."

"ఊఁ."

"ఒడ్డు కనపడింది. ఒడ్డు మీద తల్లావు నించుని ఒకటే అరుపంట. పడవ దగ్గరకొచ్చింది. కానీ కర్రేసి ఎంత తోసినా ఒడ్డుకి ఆనదే! ఒడ్డుకీ పడవకీ మధ్య మూరెడు నీళ్ళు, అడుగంతా ఊబి."

"అయ్యో! ఊఁ?"

"దూడ ముందుకాళ్ళు రెండూ పడవ అంచు మీద పెట్టిందండి. పడవ ఓ పక్కకి ఒరుగుతోంది..."

సరిగ్గా అప్పుడే తీగ తిన్నగా వచ్చింది. భానోజీ బొటనవేలు పెట్టి మూడో ప్లగ్గును నొక్కాడు. పద్నాలుగేళ్ళ అలవాటు, నోరు దానంతటదే అడిగింది.

"దిగిందా అండీ?"

పేరిందేవి కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ చూస్తున్నది ప్లగ్గును కాదు. "దిగింది, దిగింది!" అంది గబగబా.

పచ్చదీపం వెలిగింది. గూట్లో ముఖం మెల్లగా ఏర్పడింది, మునుపటికన్నా నున్నగా, నిండుగా. భానోజీ గూటి వెనకనుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. పేరిందేవి ఆ ముఖం వైపు చూడనైనా చూడలేదు.

"తరవాత?"

"తరవాతేముందండీ. ఇంతలో మేం వెళ్ళాల్సిన ఇల్లొచ్చింది. మిగతాది రేపు చెప్తాన్రా అన్నాడు. ఆ సాయంత్రమే వాళ్ళింట్లో ఊకొట్టు పెట్టారండి. మర్నాడు, ఏరా, దూడ సంగతేమైందంటే, రాత్రి ఇంట్లో చెప్పేశాన్రా అన్నాడు. మళ్ళీ చెప్పే ఓపిక లేదన్నాడు. ఇంక అప్పట్నించీ అంతేనండి. చెప్పాల్సిందంతా ఇంట్లో చెప్పేసి నా దగ్గరికి ఖాళీగా వచ్చేవాడు. పోయినేడు వాణ్ణి తీసేశారు. ఆ దూడ ఏమైందో ఆ ఊకొట్టొక్కదానికే తెలుసండి. అది చెప్పదు గదా."

"అదేం మాట బాబూ," అంది పేరిందేవి. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఆయ్, మరంతేనండి. వస్తానండి," అని భానోజీ సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు మిగతా మూడిళ్ళకూ అతను ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఆరో రోజు మధ్యాహ్నం పేరిందేవి ఇంట్లో వంకాయ మాడిన వాసనలాంటి వాసన వచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదు. గూట్లో ముఖం వింటూ వింటూ మాయమైంది. కరెంటు పెట్టె తనంతట తానే ఆగిపోయింది కాబట్టి నిప్పు అంటుకోలేదు. మూడో ప్లగ్గు మాత్రం నల్లగా కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది.

మర్నాడు పొద్దున్న కంపెనీ పరిశీలకుడు దైవసహాయం వచ్చాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాటల మనిషి. భానోజీని వెంటబెట్టుకుని వచ్చాడు. భానోజీ రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. కరిగిన ప్లగ్గును చూడగానే, దాన్ని బిగించినవాడిలా కాక కన్నవాడిలా తల దించుకున్నాడు.

"పూర్తిగా దిగలేదు," అన్నాడు దైవసహాయం. "ఎవరి తప్పో తేలాలి. రికార్డు విందాం."

చేతిపలక మీద వేలు పెట్టాడు. మూడో తీగ దగ్గరనుంచి రికార్డు మొదలైంది. అనవసరమైన మాటలు ముందుకు జరిపేయడం అతనికి అలవాటు. కానీ గంగరాజు రెక్కల దగ్గర వేలు ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. పడవ వచ్చింది, తల్లావు అరిచింది. దైవసహాయం తనకు తెలియకుండానే "ఊఁ," అన్నాడు. అని, తడబడి, గొంతు సవరించుకున్నాడు.

"దిగిందా అండీ?" అంది భానోజీ గొంతు పలకలోంచి.

"దిగింది, దిగింది!"

దైవసహాయం రికార్డు ఆపాడు. వెనక్కి జరిపి ఆ రెండు మాటలనూ మళ్ళీ వినిపించాడు. ఇంకోసారి వినిపించాడు. అడిగింది ప్లగ్గు గురించే. జవాబూ నిబంధన ప్రకారమే ఉంది, ఊఁ కాదు, పూర్తి మాట. కానీ ఏం దిగిందని ఆవిడ అంది?

"అమ్మా, నేనడిగేది జాగ్రత్తగా వినండి," అన్నాడు. "మీరు ప్లగ్గును చూసి దిగింది అన్నారంటే తప్పు మీది. ఏడాదిపాటు మీకు కొత్త ఫలకం ఇవ్వరు. చూడలేదు, కథలో పడి అన్నారంటే తప్పు ఇతనిది. పని మధ్యలో కబుర్లు చెప్పి మిమ్మల్ని మరిపించినట్టు. ఇప్పుడు చెప్పండి. దిగిందన్నది ప్లగ్గా, దూడా?"

పేరిందేవి భానోజీ చొక్కా మీది నీలం బిళ్ళ వైపు చూసింది. ఆలోచించడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

"ప్లగ్గే నాయనా. చూసే అన్నాను. ముసలి కళ్ళు, సందు కనపడలేదు. ఆయన తప్పేం లేదు."

దైవసహాయం తల ఊపి పలక మీద రాయబోయాడు.

భానోజీకి గుండెల మీదినుంచి బండ దింపినట్టయింది. వాకలపూడి తప్పింది. రేపు కూడా నాలుగు గుమ్మాలు ఎక్కుతాడు, నాలుగు తలుపులు తీస్తారు. ఆ సంతోషం నిండా ఒక నిమిషం కూడా నిలవలేదు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. చూసే అన్నాను అంది. అంటే ఆ పావుగంటా ఆవిడ ప్లగ్గునే చూస్తూ ఉందా? దూడ పడవ అంచు మీద కాళ్ళు పెట్టినప్పుడు, పడవ ఒరిగినప్పుడు, ఆవిడ అక్కడ లేదా? ఆవిడ తనకోసమే అబద్ధమాడుతోందని అతనికి తెలుసు. ఆ "దిగింది, దిగింది"లోని ఆత్రం ప్లగ్గును చూసి ఎవరికీ రాదు. తెలిసినా సరే, అది కాగితం మీదికి ఎక్కుతుంటే ఓర్చుకోలేకపోయాడు. తను చెబితే ఒక మనిషి విన్నది ఈ ఒక్కసారే. దాన్ని జరగలేదని రాస్తున్నారు.

"దూడండి," అన్నాడు.

దైవసహాయం తలెత్తాడు. "ఏమిటీ?"

"ఆవిడ అన్నది దూడ గురించేనండి. ప్లగ్గును చూళ్ళేదు. నేను చెప్తున్నది వింటున్నారు. తప్పు నాదేనండి."

"ఇది రాస్తే నీకు ఇంటి అనుమతి ఉండదు. తెలుసుగా?"

"ఆయ్. తెలుసండి."

పలక మీద కారణాల జాబితా వచ్చింది. ప్లగ్గు లోపం, తీగ లోపం, పట్టుకున్నవారి తప్పు, నొక్కినవారి తప్పు. ఇంతకు మించి ఏదీ లేదు. దైవసహాయం ఆ జాబితాను రెండుసార్లు కిందికీ పైకీ జరిపి చూశాడు, ఇంకేదైనా ఉందేమోనని. చివరికి నాలుగోది ఎంచి పలకను చాచాడు. భానోజీ బొటనవేలు ముద్ర వేశాడు. నీలం బిళ్ళ తీసి దైవసహాయం చేతిలో పెట్టాడు.

పేరిందేవికి కోపం ఆగలేదు. "మీకోసమే కదా బాబూ అన్నాను! ఏడాది ఊకొట్టు లేకపోతే నేనేమన్నా చచ్చిపోతానా? ఎందుకలా చెప్పారు?"

భానోజీ ఆవిడ ముఖం వైపు చూసే ధైర్యం లేక కరిగిన ప్లగ్గు వైపు చూస్తూ చెప్పాడు.

"మీరు ప్లగ్గును చూశానంటే నా మాట విననట్టే గదండీ. ఈ ఉద్యోగం పోతే గోడౌన్లో ఇంకోటిస్తారు. ఆ పావుగంట పోతే నాకింకోటి లేదండి."

పేరిందేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దైవసహాయం పని అయిపోయింది, ఇంకా మూడిళ్ళు చూడాలి, అయినా కదల్లేదు. "కూర్చోండి, ఇద్దరూ కూర్చోండి," అంది ఆవిడ, అని చుట్టూ చూసుకుంది. ఆ ఇంట్లో, ఆ అంతస్తులో అన్ని ఇళ్ళల్లోలాగే, గూటికి ఎదురుగా ఒకే కుర్చీ ఉంది. ముగ్గురూ దాని చుట్టూ నిలబడిపోయారు.